మురిక్కాలువకు మూత

దర్జీ పిన్ని నోటికి వీధంతా జడుస్తుంది. జడవనిది ఒక్క మునిసిపాలిటీయే.

ఆమె కొట్టు ముందున్న మురిక్కాలువకు మూత లేదు. కొలతలివ్వడానికి వచ్చేవాళ్లు బట్టలు పైకెత్తి పట్టుకుని, ఒక్క గెంతు గెంతి లోపలికి రావాలి. ఓ సాయంత్రం ఆమె మొగుడు, బస్సు కండక్టరు, ఆ గెంతు గురి తప్పి మోకాలి దాకా దిగబడ్డాడు. కాలు బెణికి మంచమెక్కాడు.

"ఇన్నేళ్లు కదిలే బస్సులో నిలబడ్డాను. కదలని వీధిలో పడ్డానే!" అని మూలిగాడు.

పిన్ని ఆయన కాలికి కట్టు కట్టి, అదే ఊపులో మునిసిపాలిటీకి అర్జీ రాసింది. "పరిశీలనలో ఉంది" అని జవాబొచ్చింది. మళ్లీ రాసింది: "అయ్యా, వానొస్తే మా వీధిలో నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. వెంటనే చర్య తీసుకోగలరు."

ఈసారి నిజంగానే చర్య తీసుకున్నారు. వీధి మొదట్లో ఫౌంటెన్ కడుతున్నామని బోర్డు పాతారు.

పిన్ని నిప్పులు కక్కుతూ ఆఫీసుకెళ్లింది. ఇంజినీరు తాపీగా ఫైలు తిరగేశాడు.

"ప్రజలే అడిగారమ్మా. ఇదిగో, నీళ్లు ఎగజిమ్మే విషయం. కింద సంతకం మీదే."

"అది మురుగయ్యా బాబూ!"

"మరి నీళ్లని రాశారేం?"

"మా ఆయన అందులో పడ్డాడని కూడా రాశాను. దానికేం కడతారు, ఈతకొలనా?"

ఇంజినీరు ఆ మాట కూడా రాసుకోబోయాడు. పిన్ని పెన్ను లాక్కుంది.

ఫౌంటెన్ లేచింది. ప్రారంభానికి చైర్మన్ గారొస్తున్నారనగానే కాలువ మీద బండలు కూడా పడ్డాయి. ఎందాకా? సరిగ్గా చైర్మన్ గారి కుర్చీ వేసేచోటు దాకా. పిన్ని కొట్టు అక్కడికి నాలుగంగల దూరంలో మిగిలిపోయింది.

కండక్టరు కుంటుకుంటూ వచ్చి చూశాడు. "ఆయన కాస్త ఇటు జరిగి కూర్చుంటే మన పని అయిపోయేది కదే" అన్నాడు.

ఆయన వేళాకోళానికే అన్నాడు. పిన్ని బుర్రలో మాత్రం దీపం వెలిగింది. ఇంటికెళ్లి ఇంకో కాగితం తీసింది. ఈసారి అర్జీ కాదు, ఆహ్వానం. చైర్మన్ గారు తమ అమృతహస్తాలతో మా కొత్త కుట్టుమిషన్ ప్రారంభించాలి, ఫొటోగ్రాఫరు కూడా వస్తున్నాడు అని రాసింది. మిషన్ కొత్తదేం కాదు, అత్తగారి కాలం నాటిది. నూనె రాసి తుడిచిందంతే.

వారం తిరక్కుండా కొట్టు గుమ్మం దాకా బండలు పరిచేశారు. చైర్మన్ గారు దర్జాగా వాటి మీద నడిచొచ్చి మిషన్ చక్రం తిప్పారు. దారం పుటుక్కున తెగింది. జనం చప్పట్లు కొట్టారు.

"అడక్కుండానే పనులు చేసే పాలన మాది!" అన్నారాయన.

"నిజమే బాబుగారూ, అడిగితేనే చెయ్యరు" అంది పిన్ని.

ఆయన అది పొగడ్తే అనుకుని రెండు చేతులూ జోడించారు.

ఆ సాయంత్రమే పక్క సైకిల్ షాపాయన తెల్లకాగితం పట్టుకొచ్చాడు. "పిన్నీ, మా గుమ్మం ముందు ఏం ప్రారంభించమని రాద్దాం?"