వద్దన్నవాడి సంతకం

పుట్టపర్తి కొత్త జిల్లా అయిన ఏడాది వేసవిలో, అనంతపురంలోని ఒక నేత్రనిధిలో నేను సీనియర్ టెక్నీషియన్‌ని. చనిపోయినవారి ఇంటికి వెళ్ళి కళ్ళు సేకరించడం నా పని. మనిషి పోయిన ఆరు గంటల్లోపు అది పూర్తి కావాలి. ఎన్నేళ్ళు చేసినా, ఫోను మోగితే నా చూపు ముందు గడియారం మీదికే పోయేది.

ఆ రోజు ఫోను చేసింది రత్నమ్మ, ఉరవకొండ దగ్గరి పల్లెలో అంగన్‌వాడీ టీచరు. నాయన ఉదయం ఏడింటికి పోయాడనీ, కళ్ళిస్తానని ఆయన సంతకం చేసిన కార్డు తన దగ్గర ఉందనీ, ఆ పని జరిపిస్తానని ఆయనకు మాటిచ్చాననీ చెప్పింది. తలకింద దిండు పెట్టి, రెప్పలు మూసి, తడి దూది వేయమన్నాను. గాలికి కళ్ళు ఎండిపోతాయి కాబట్టి ఫ్యాను ఆపమన్నాను.

కార్డు ఉందన్నది కదా అని ఇంకేమీ అడక్కుండా జీపెక్కాను. అది నా బుద్ధితక్కువతనం. కార్డు పోయినవారి కోరికను చెబుతుంది, అంతే. దగ్గరి బంధువు సంతకం లేకుండా, ఇంట్లో ఒకరు వద్దంటుండగా, మేము పనిముట్ల పెట్టె తెరవం.

పదకొండున్నరకు చేరాను. "కండ్లు పెరికేటోళ్ళు వచ్చినారు" అన్నారెవరో వాకిట్లో. లోపల ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. ఆపాను. "గాల్లేక చస్తాండాం గదప్పా!" అంటూ ఒక పెద్దామె మళ్ళీ వేసింది.

రత్నమ్మ వాళ్ళన్న నాగరాజు, వేరుశనగ రైతు, నాకు అడ్డంగా నిలబడ్డాడు. "ఏమప్పా, మా నాయనకు కంటి ఆపరేషన్ అయ్యిండాది, షుగర్ ఉండాది. ఆ కండ్లు యాడ పనికొస్తాయి?"

శుక్లం ఆపరేషన్ కంటి లోపలి సంగతనీ, మేము తీసేది నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా ఉండే పలుచని పొరనేననీ, షుగరు దానికి అడ్డం కాదనీ చెప్పాను. వచ్చే జన్మలో గుడ్డివాడై పుడితే ఎవరిది పూచీ అన్నాడు. సభల్లో చెప్పే పుణ్యం ప్రసంగమంతా అప్పజెప్పాను. ఆయన చెవికెక్కలేదు. పన్నెండు దాటింది. ఫ్యాను మళ్ళీ తిరుగుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

రత్నమ్మ ఏడుపు దిగమింగుకొని, "నాయన అడిగింది ఇదొక్కటే గదన్నా" అంది.

నాగరాజు గొంతు తగ్గింది. "బళ్ళారి నుంచి మా అత్త వస్తాండాది. ఆఖరుసారి వాళ్ళన్న ముఖం చూడల్లని వస్తాండాది. ఆయమ్మకు కండ్లుండే కాడ గుంటలు చూపియ్యాల్నా?"

ఓహో, అసలు సంగతి అదన్నమాట! గంటసేపటినుంచి నేను ఆయన మనసులో లేని ప్రశ్నలకు జవాబులు చెబుతున్నాను. గుంటలు పడవన్నాను. నమ్మలేదు. "అట్లయితే నా ఎదురుగానే తీయాల" అన్నాడు. ఇంట్లోవాళ్ళను బయటికి పంపడం మా పద్ధతి. కానీ టైము లేదు, సరేనన్నాను. నాగరాజు సంతకం చేశాడు, ఇద్దరు సాక్షులు చేశారు. అందర్నీ బయటికి పంపి, ఫ్యాను తనే ఆపి, స్విచ్చికి వీపు ఆనించి నిలబడ్డాడు.

పరీక్షకు కాస్త రక్తం తీసుకున్నాను. రెండు పొరలూ తీసి మందుసీసాల్లో వేసి, వాటి చోట చిన్న ప్లాస్టిక్ కప్పులు అమర్చి, రెప్పలు మూశాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఒంటిగంటకు ఇంకా ఐదు నిమిషాలున్నాయి. నాగరాజు వంగి నాయన ముఖం చాలాసేపు చూశాడు.

సీసాలు ఐసుపెట్టెలో సర్దుతుండగా అత్త వచ్చింది. కళ్ళిస్తున్న సంగతి ఆమెకు వాకిట్లోనే తెలిసిందట. అన్న చెంపలు పట్టుకొని, ముఖంలో ముఖం పెట్టి ఏడ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకొని నావైపు తిరిగింది.

"నేను చూసుకున్నా గదప్పా. ఇంగ తీసుకోపో ఆ కండ్లు."

"తీసుకున్నారత్తా" అన్నాడు నాగరాజు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఫోను రాగానే కార్డు సంగతి అడగడం మానేశాను. ఇంట్లో వద్దంటున్నది ఎవరో కనుక్కొని, ముందు ఫోను వాళ్ళకిమ్మనేవాణ్ణి.