ఆమేన్ పడని ప్రార్థన

నా చిన్నప్పుడు నాచారంలో మా ఇంటికి రెండు సందుల అవతల రేకుల కప్పు వేసిన చర్చి ఒకటి ఉండేది. ఎండాకాలం అందులో కూర్చున్నవాళ్ళకు నరకం గురించి ప్రత్యేకంగా ప్రసంగం చెప్పాల్సిన పని ఉండేది కాదు. శనివారం సాయంత్రాలు అక్కడ పిల్లలకూ యౌవనస్తులకూ కలిపి కూడిక జరిగేది. దాన్ని నడిపేది మా పక్కింటి అక్క. వాళ్ళ నాన్నకు రైల్వేలో ఉద్యోగం, గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. మేము ఇక్కడివాళ్ళమే. మా నాన్న దగ్గర్లోని ఫ్యాక్టరీలో పని చేసేవాడు.

ఇప్పుడు నా నోటికి మా ఇంట్లో అందరూ జడుస్తారు గానీ, అప్పట్లో ఆ చర్చిలో నేను నోరు విప్పేదాన్నే కాదు. కారణం భాష. కూడికకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఉద్యోగస్తుల పిల్లలు. కళ్ళు మూసుకున్నారంటే చాలు, ‘పరిశుద్ధుడవైన తండ్రీ, నీ కృపను బట్టి స్తోత్రములు’ అంటూ గడగడా అందుకునేవారు. మా ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. బైబిలు ఆ తెలుగులో ఉంది కాబట్టి దేవుడికి ఆ తెలుగే వస్తుందని, మా మాట ఆయన దాకా వెళ్ళదని నాకు నేనే తీర్మానించుకున్నాను. గుండ్రంగా కూర్చుని ఒకరి తర్వాత ఒకరు చేసే గొలుసు ప్రార్థన అంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది. నా వంతు రాగానే పక్కపిల్లను మోచేత్తో పొడిచేదాన్ని. ఆ పిల్ల అందుకునేది.

ఒక ఏడాది చలి మొదలయ్యే వేళకు మా అమ్మను దవాఖానాలో చేర్చారు. కడుపులో గడ్డ ఉందన్నారు, సోమవారం ఆపరేషన్ అన్నారు. నాన్న కంచం ముందు పెట్టుకుని, అన్నం కలపకుండా అలాగే కూర్చునేవాడు. అమ్మ తిరిగి రాకపోవచ్చునని ఆ కంచం చూసే నాకు అర్థమైంది.

ఆ శనివారం గొలుసు నా దాకా వచ్చినప్పుడు నేను పక్కపిల్లను పొడవలేదు. “యేసయ్యా, మా అమ్మకు పానం మంచిగ లేదు. దవాఖానల ఉంది. జర సూడు. ఆమె లేకుంటె మాకు...” అనేదాకా వచ్చాను. ఎవరో కిసుక్కుమన్నారు. వెనక కుర్చీలో మా చర్చి సంఘ పెద్ద కూర్చుని ఉన్నారు. ఆయన రిటైరైన బడిపంతులు, జేబులో ఎప్పుడూ పిల్లల కోసం పిప్పరమెంట్లు ఉంచుకునే మంచి మనిషి. కానీ చెవిన తప్పు పడితే దిద్దకుండా ఉండలేరు. “పానం కాదమ్మా, ప్రాణం. దేవుణ్ణి పట్టుకుని జర సూడు అనకూడదు. స్వస్థపరచుము అనాలి” అన్నారు. నేను కళ్ళు తెరిచి తల దించుకున్నాను. కాసేపు చూసి పక్కపిల్ల తన ప్రార్థన మొదలుపెట్టింది. నా ప్రార్థనకు ఆమేన్ పడలేదు.

బయటివాళ్ళకు ఇదేమంత పెద్ద విషయంగా తోచకపోవచ్చు. మా వాళ్ళలో ఆమేన్ అనని ప్రార్థన అంటే, గుమ్మం దాకా వెళ్ళి తలుపు తట్టకుండా తిరిగి వచ్చినట్టే. అమ్మ కోసం నేను అడగాల్సింది మధ్యలో ఆగిపోయింది, ఇక సోమవారం ఏం జరిగినా నా వల్లే. ఇదే నా మనసులో తిరిగింది. ఆదివారం కడుపునొప్పి అని చెప్పి ఆరాధనకు వెళ్ళలేదు.

మధ్యాహ్నం అక్క మా ఇంటికి వచ్చింది. నిన్నటి సంగతి ఎత్తలేదు. చేటలో ఉన్న చిక్కుడుకాయలు చూసి, నా పక్కన కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. కొంచెం సేపయ్యాక, “మీ అమ్మ కోసం ప్రార్థన చేద్దామనుకుంటున్నానే. మీ ఇంట్లో మాట్లాడుకునేట్టే చేస్తాను. తప్పులు పోతే చెప్పు” అంది. చిక్కుడుకాయ చేతిలో ఉండగానే కళ్ళు మూసుకుంది.

“యేసయ్యా, ఈ పోరడి తల్లికి పానం జర మంచిగ చెయ్యి...”

నేను ఆగలేకపోయాను. అమ్మను దవాఖానాలో చేర్చాక మొదటిసారి నవ్వు వచ్చింది. “పోరడు కాదక్కా, పోరి! నేను ఆడపిల్లను గద!”

అక్క కంగారు పడ్డట్టు కళ్ళు తెరిచింది. “అయ్యో! అయితే ఆయన ఇప్పుడు ఏ పిల్లాడి తల్లిని వెతుక్కుంటూ పోయాడో ఏమో!”

“గట్లెట్ల పోతడు? నీ పక్కకు నేనే కూసున్న గద. నువ్వు ఎవరి కోసం అడుగుతున్నవో ఆయనకు తెల్వదా?” అన్నాను, ఇంత తెలివితక్కువదేమిటి ఈ అక్క అనుకుంటూ.

అక్క చేతిలోని చిక్కుడుకాయ చేటలో పెట్టింది. “మరి నిన్న నువ్వు అడిగింది మాత్రం ఆయనకు తెలియలేదని ఎందుకనుకుంటున్నావే?” అంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆమె ఒళ్ళో పడి, నిన్న ఆగిన చోటు నుంచి మిగిలిందంతా చెప్పేశాను. ఏం చెప్పానో నాకే గుర్తులేదు. చివర ఆమేన్ అన్నది మాత్రం అక్కే.

సోమవారం ఆపరేషన్ అయింది. అమ్మ ఇంకా గండం గట్టెక్కలేదనే అన్నారు. తర్వాతి శనివారం కూడికలో అక్క ఒక కొత్త పద్ధతి పెట్టింది. ఒకరు ప్రార్థిస్తుంటే మిగతావాళ్ళు అనదగ్గ మాట ఒక్కటే, ఆమేన్. అది చెప్పి సంఘ పెద్ద వైపు తిరిగి, “మీ గొంతు పెద్దది కదండీ, మా పిల్లలందరికీ ఆమేన్ మీరే చెప్పాలి” అని బతిమాలినట్టు అడిగింది. పెద్దాయన అక్కను చూశారు, నన్ను చూశారు. ఆయనకు అర్థమైంది. నా వంతు వచ్చాక నేను మా మాటలోనే, మా అమ్మను ఇంటికి తోలియ్యమని అడిగాను. వెనక నుంచి ఆయన అన్న ఆమేన్‌కు పైన రేకులు అదిరాయి. కూడిక అయ్యాక నా చేతిలో రెండు పిప్పరమెంట్లు పెట్టి వెళ్ళిపోయారు.

అమ్మ ఇంటికి వచ్చింది. చిక్కి సగమై వచ్చింది గానీ వచ్చింది. అది డాక్టరు చేతి చలవో దేవుడి దయో అని మా ఇంట్లో ఎవరూ విడదీసి చూడలేదు.

ఇప్పుడు ఉప్పల్‌లో మా చర్చి యౌవనస్తుల కూడిక నేనే నడుపుతున్నాను. యువతను ఎలా నడిపించాలో చెప్పే శిక్షణ తరగతులు ఈ మధ్య చాలా జరుగుతున్నాయి. నన్నూ పిలుస్తారు, నేనూ మైకు పట్టుకుని పెద్ద పెద్ద మాటలే చెబుతాను. నిజానికి నాకు తెలిసిన సూత్రం ఆ చిక్కుడుకాయల చేట దగ్గర నేర్చుకున్నదే. పిల్లలు దేవుడితో మాట్లాడుతుంటే మధ్యలో మనం దూరకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. వయసు మీద పడేకొద్దీ నాలో ఆ బడిపంతులు బాగా బలిశాడు.

మొన్న శనివారం కాలేజీలో చదివే ఒక అమ్మాయి ప్రార్థన మొదలుపెట్టింది. “జీసస్, డాడీ మళ్ళా తాగుతుండు. మమ్మీ రోజూ ఏడుస్తుంది. ఐ యామ్ సో టైర్డ్. ప్లీజ్ యా...” అని ఆగిపోయింది. దేవుడితో ‘ప్లీజ్ యా’ ఏమిటని నా నాలుక కొస దాకా వచ్చింది. ఆ పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది, ఇక మాట రాదని తెలిసిపోతోంది.

అప్పుడు నాకున్న గొంతంతా పెట్టి ఆమేన్ అన్నాను.