యుఫేమియా సంతకం

వాషింగ్టన్‌లోని ఆ నాలుగంతస్తుల అద్దె భవనంలో యుఫేమియా కాలు ఒకచోట నిలవదు. ఎల్ సాల్వడార్ దేశం నుంచి వచ్చి పందొమ్మిదేళ్ళయినా అంతే. మాట్లాడుతూనే జుట్టుముడి విప్పుతుంది, మళ్ళీ చుడుతుంది. అద్దెకున్నవాళ్ళలో సగంమంది సంతకం చేస్తే, ఎవరి ఫ్లాటు వాళ్ళు కొనుక్కోవడానికి ప్రభుత్వం సాయమిస్తుంది. గడువు శుక్రవారం. పొయ్యిమీద చిక్కుళ్ళు మాడుతున్నా ఆమె తలుపులు తడుతూ తిరిగింది. చివరికి ఒక్క సంతకం తక్కువైంది.

త్రాన్సితో అనే పక్క ఫ్లాటు ముసలాయన కాగితం చూసి, "నీదేదమ్మా?" అన్నాడు.

"కొంటే ఇక ఇక్కడే ఉండిపోవాలిగా తాతా. వచ్చే ఏడాది మన దేశం వచ్చేస్తానని అక్కడున్న చెల్లెలికి ఏటా చెబుతున్నాను."

"అద్దింట్లో ఉండి చెప్పిన అబద్ధమేగా. అదే ఇక సొంతింట్లో కూర్చుని చెప్పు."

ఆమె జుట్టుముడి బిగించింది. కాగితాన్ని గోడకానించి సంతకం పెట్టింది. తర్వాత చెల్లెలికి ఫోన్ చేసి, "నేను రానే. నువ్వే రా," అంది.