నాలుగు దిక్కుల మూటలు

ఆ రోజుల్లో ఊరు కదలాలంటే ఒక కారణం ఉండేది. పెళ్లి, చావు, కోర్టు వాయిదా, లేదంటే అహోబిలంలో మొక్కుబడి. ఉత్తపుణ్యానికి కొండలూ గుట్టలూ చూసి రావడానికి బండి కట్టించే మనిషిని మా నంద్యాలలో పిచ్చోడు అనేవాళ్లు. ఇప్పుడు అట్లాంటివాళ్లనే జీవితం తెలిసినవాళ్లు అంటున్నారు. నేను చదివింది మూడో తరగతి, అదీ సగం, కాబట్టి నాకు అందని గొప్పదనం ఏదో అందులో ఉండే ఉంటుంది (చదివినవాళ్లను అడిగి చూశాను, వాళ్లూ చెప్పలేకపోయారు, అది వేరే సంగతి). మా ఇంట్లో ఈ పిచ్చి మొట్టమొదట పట్టింది మా చిన్నాయనకు. పట్టింది కూడా ఎప్పుడనుకున్నారు? యుద్ధం నడుస్తూ, పెట్రోలు కంటికి కనబడని కాలంలో, కిరసనాయిలు బుడ్డిని జేజి లెక్కపెట్టుకుని వెలిగించే కాలంలో పట్టింది.

జేజి అంటే మా నాయన తల్లి. మాది అంగడి కుటుంబం. బెల్లం, చింతపండు, పప్పులు, మిరపకాయలు అమ్మేవాళ్లం. నాయన అంగట్లో కూర్చునేవాడు. చిన్నాయన అంగట్లో ఉండేవాడు, అంతే. ఒకసారి సరుకు పని మీద మద్రాసుకు పోయి వక్కలు పొట్లం కట్టించుకుని వచ్చాడు. ఆ పొట్లం ఇంగ్లీషు పత్రికలోంచి చించిన కాగితం. దాని మీద అమెరికా బొమ్మ ఒకటి ఉంది. ఎర్రటి కొండ నిలువునా పగిలి, అడుగున ఎక్కడో ఏరు పారుతుంటుంది. గట్టు అంచున మోటారు. మోటారు పక్కన టోపీ పెట్టుకున్న దొరసాని ఏదో తింటూ ఉంటుంది. వక్కలు డబ్బాలోకి పోయాయి. కాగితం చిన్నాయన తలలోకి పోయింది. అక్కడివాళ్లు ఎడారి పొడుగునా మోటార్లో తిరిగి, పగిలిన కొండలు చూసి ఇంటికి పోతారట. అడవులకు కాపలా పెట్టి, చూడవచ్చినవాళ్ల దగ్గర టికెట్టు తీసుకుంటారట. ఇదంతా ఆయనకు మద్రాసులో ఎవరో చదివి చెప్పారు. జేజి మిరపకాయల తొడిమలు తుంచుతూ విన్నది.

"అడివికి టికెట్టా? మన నల్లమలకు కట్టెలకు పోతే ఫారెస్టోడు దుడ్లు గుంజుకోవడంల్యా? దానికి అమెరికా దాకా పోవల్నా?" అన్నది.

చిన్నాయన అమెరికాకు పోదామనలేదు. గండికోట దగ్గర మన పెన్న కూడా కొండను అట్లాగే కోసిందని, పక్కనే పెట్టుకుని ఇంట్లో ఒక్కరమూ చూడలేదని ఆయన బాధ. జేజి మాత్రం, కొండను కోసుకుంటా కూర్చుందంటే ఆ ఏటికి పని లేదు, దాన్ని చూసొస్తానంటే నీకూ లేదు, అని తేల్చేసింది. అప్పుడు చిన్నాయన ఒక తెలివైన పని చేశాడు (ఆయన జన్మలో చేసిన తెలివైన పనులు లెక్కపెట్టడానికి రెండు చేతులు అక్కర్లేదు). ప్రయాణం చివర్లో అహోబిలం చేర్చాడు. దాంతో అది షికారు కాకుండా పోయి యాత్ర అయింది. జేజి తొడిమలు తుంచడం ఆపి, ఎప్పుడు పోతాండామని అడిగింది.

ఇక దారి వెయ్యడం మొదలైంది. అంగడి నేల మీద చిన్నాయన సరుకులతో దేశాన్ని పరిచాడు. ధనియాల కుప్ప నంద్యాల. అక్కడి నుంచి పడమరగా బనగానపల్లె, అది చింతగింజలు. దక్షిణాన గండికోటకు మంచి బెల్లపు అచ్చు ఒకటి తెచ్చి, కత్తితో నడిమికి కోసి, ఇదే పెన్న అన్నాడు. తూర్పున ఎండుమిరపకాయలు నల్లమల, ఆ మిరపకాయల్లో ఒక వక్క అహోబిలం. ఉత్తరంగా ఆళ్లగడ్డ మీదుగా మళ్లీ ధనియాల దగ్గరికి. బేరానికి వచ్చినవాళ్లు దేశాన్ని దాటుకుని పోయేవాళ్లు. మర్నాటికి పెన్నలో చీమలు బారులు తీరాయి. మాకంటే ముందు గండికోట చూసింది అవే. జేజి చీమలు దులిపి, బెల్లం కడిగి, ఆ పూట పాయసంలో వేసింది. పాయసం బాగుంది. ఆ ప్రయాణంలో నాకు దక్కిన మేలు అదొక్కటే అని చాలాకాలం అనుకున్నాను.

మోటారు ఆళ్లగడ్డ నుంచి రావాలి. పెట్రోలు లేదు కదా, వెనకాల డ్రమ్ము అంత పొయ్యి బిగించి, బొగ్గుల పొగతో నడిపే మోటారు అది. దాన్ని నడిపే మనిషికి మేము బొగ్గులన్న అని పేరు పెట్టాము. అతను కాక అయిదుగురు పడతారు. జేజి, నాయన, అమ్మ, చిన్నాయన పోను మిగిలింది ఒక్క చోటు. దాని మీద నా కన్నూ పడింది, మా అన్న కన్నూ పడింది. నాకు అప్పటికి పదకొండేళ్లు. బడి మానిపించేశారు. సంబంధాలు చూడటం మొదలైంది. ఇంకొక ఇంటికి పోతే ఇక వాళ్లు తిప్పిన చోటికే తిరగాలని ఆ వయసుకే తెలుసు. అందుకని బెల్లంలో కోసిన ఆ గండి నిజంగా ఎట్లా ఉంటుందో చూడాలని ప్రాణం కొట్టుకుపోయేది. బొగ్గులు మోటారు పొయ్యిలో పడాలంటే నిమ్మకాయంత ముక్కలు చెయ్యాలి. ఎవరు కొడితే వాళ్లకు చోటు అన్నాడు చిన్నాయన. మా అన్న ఒక పూట కొట్టి, చేతులు నల్లబడ్డాయని మానేశాడు. నేను మానలేదు. బస్తాల కొద్దీ కొట్టాను. నా మొహం చూసి ఆ వారం వచ్చిన సంబంధం ఒకటి వెనక్కి పోయింది కూడా.

ఇంతలో వారశూల అడ్డం వచ్చింది. ఇప్పటివాళ్లకు తెలియదు గనక చెబుతున్నాను. ఒక్కొక్క వారం ఒక్కొక్క దిక్కుకు బయలుదేరకూడదు. శుక్రవారం, ఆదివారం పడమరకు పనికిరాదు. సోమవారం, శనివారం తూర్పుకు. మంగళ, బుధవారాలు ఉత్తరానికి, గురువారం దక్షిణానికి. ఒక దిక్కుకు పోయేవాళ్లకు చిక్కు లేదు. మా చిన్నాయన నాలుగు దిక్కులా తిప్పేటట్టు దారి వేశాడు, ఏ రోజు బయలుదేరినా ఎక్కడో ఒకచోట శూల తగులుతుంది. దీనికి పెద్దలు పెట్టిన ఉపాయం ప్రస్థానం. మంచి రోజు చూసి, పోయే దిక్కున ఉన్న ఇంట్లో మన మూట ఒకటి ముందుగా పెడితే ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఆ తర్వాత ఏ రోజు కదిలినా దోషం లేదు. అయితే ప్రయాణం ముగించకుండా ఆ మూట మళ్లీ గడప లోపలికి రాకూడదు. లోకమంతా ఒక మూట పెడుతుంది. చిన్నాయన నాలుగు దిక్కులకు నాలుగు మూటలు పెడదామన్నాడు. పంచాంగం చెప్పే అయ్యవారు చాలాసేపు పైకప్పు చూసి, వద్దని అయితే ఎక్కడా లేదప్పా, అన్నాడు.

పడమటింట్లో వంట గిన్నెలు పెట్టాము. దక్షిణపింట్లో సజ్జ రొట్టెలు, పొడులు, ఊరగాయ జాడీ. తూర్పింట్లో పరుపులు, దుప్పట్లు. ఉత్తరపింట్లో అందరి మంచి బట్టలు, నా పట్టు పావడతో సహా. ఆ ఉత్తరపింటివాళ్లతో మాకు గోడ తగాదా ఉండి మాటలు లేవు, అయినా దిక్కుకు అదొక్కటే ఇల్లు. మూటలన్నీ పెట్టాక తెలిసింది, బొగ్గులన్న మోటారుకు ఏదో విరిగి కర్నూలుకు పంపించాడని. ఇంకేముంది, ఇంట్లో ఉండి కూడా మేము ప్రయాణంలోనే ఉన్నాము. అరువు తెచ్చిన మట్టి కుండలో వండుకుని, చాపల మీద పడుకున్నాము. మూట రాకూడదు గానీ మూటలోది ఒక్కొక్కటి రావచ్చునని జేజి కనిపెట్టిన తర్వాత, పొద్దున్నే నాయన పంచె కోసం నన్ను ఉత్తరపింటికి తోలేవాళ్లు. ఆ ఇంటి ముసలామె పంచె నా చేతికిచ్చి, రోజూ అదే మాట అడిగేది.

"ఏమ్మే, గండికోట నుంచి వస్తాండారా, గండికోటకు పోతాండారా?"

తల దించుకుని వచ్చేదాన్ని. దక్షిణపింటి పిల్లలు ఈలోపల మా రొట్టెలు పరిశుభ్రం చేశారు.

చివరికి ఒక శుక్రవారం పొద్దున మోటారు పొగ కక్కుకుంటూ వచ్చింది. మూటలు నాలుగు ఇళ్ల నుంచీ నేరుగా మోటారులోకి ఎక్కించారు. నేను కిటికీ పక్కన, పట్టు పావడలో. ప్రస్థానాలు పెట్టినా సరే, శుక్రవారం పడమరకు కదలడానికి జేజి ఒప్పుకోలేదు. తిరగేసి పోదాం, ముందు ఆళ్లగడ్డ, అన్నది. (మరి మూటలు ఎందుకు పెట్టినట్టు అని అడిగే ధైర్యం ఎవరికుంది?) దారిలో గట్టు వచ్చినచోటల్లా మగవాళ్లు దిగి తోశారు. గట్టు లేనిచోట కూడా కొంత తోశారు. ఆళ్లగడ్డ చేరేసరికి మోటారు దగ్గి, మూలిగి, రాతి విగ్రహాలు చెక్కే కొట్టం ముందర ఆగిపోయింది. బొగ్గులన్న పొయ్యి నింపడానికి మిగతా బస్తాలు విప్పి, చెయ్యి పెట్టి చూసి, నాయన వైపు తిరిగాడు.

"ఏం బొగ్గులు శెట్టీ ఇవి? పైన పిడికెడు ఉండాయి. కింద అంతా కాలని కట్టె, పొట్టు."

నేను కొట్టిన బొగ్గులు కావవి. అందరమూ జేజి వైపు చూశాము. ఆమె ఏమీ తొణకలేదు. "అంత మంచి బొగ్గు దాని కడుపులో పొయ్యల్నా? వానల్లో కుంపట్లోకి ఏం వేస్తారు? ఇంట్లో తీసిపెట్టినా," అన్నది. ఆళ్లగడ్డలో ఆ పొద్దు బొగ్గు దొరకలేదు.

చిన్నాయన కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. జేబులోంచి ఆ వక్కల కాగితం తీసి చూసుకుని, మళ్లీ మడిచిపెట్టుకున్నాడు. నేను కిటికీ వదలలేదు, వదిలితే ప్రయాణం అయిపోతుందని. ఆయనే వచ్చి నన్ను దింపి కొట్టంలోకి తీసుకుపోయాడు. అక్కడ ఇంకా ఉలి తగలని బండలు రెండు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి, నడుమ జానెడు సందు. ఉలులు చల్లార్చే నీళ్లు ఒక చెంబుతో తెచ్చి ఆ సందులో పోశాడు.

"చూడు మే, ఇదే పెన్న. గండికోట అంటే ఇంతే. ఇంక రవంత పెద్దది."

"రవంతా?"

"ఒక కొండంత," అన్నాడు. నీళ్లు దుమ్ములో ఇంకిపోయాయి.

జేజి వెనకాల నిలబడి అంతా చూసింది. ఇప్పుడు ఆమెకున్న చిక్కు వేరు. ప్రయాణం ముగియకపోతే నాలుగు మూటలూ ఇంట్లోకి రావు, గిన్నెలు పరుపులు లేని కాపురం ఎన్నాళ్లు? కొంగు నడుముకు దోపి, అందరినీ పిలిచి ఆ బండల చుట్టూ ప్రదక్షిణ చెయ్యమన్నది. పడమర, ఉత్తరం, తూర్పు, దక్షిణం, ఒక్క చుట్టులో నాలుగు దిక్కులూ తీరిపోతాయి. నాయన, అమ్మ, చిన్నాయన, నేను, ముందర జేజి. ఉలి పక్కన పెట్టి శిల్పి పరుగున వచ్చాడు. అమ్మా, అది ఇంకా దేవుడు కాలేదు, ఉత్త బండ, అన్నాడు.

"ఉండనీలే నాయనా. మేము తిరిగేది దేవునికి కాదు, మూటలకు," అన్నది జేజి.

మామూలు బస్సెక్కి ఇంటికొచ్చాము. మూటలు గడప దాటాయి. ఆ ఏడు వానల్లో మా కుంపటి బాగా మండింది, ఆ మాట ఒప్పుకోవాలి. నాకు ఆ తర్వాత పెళ్లి అయింది, వాళ్లు తిప్పిన చోటికే తిరిగాను. అందులో గండికోట లేదు. అంగడి, వంటిల్లు, పిల్లలు, బొగ్గు పోయి గ్యాసు వచ్చినా పొయ్యి మాత్రం నన్ను వదల్లేదు. ఇంట్లో ఎవరు ఎక్కడికి పోదామన్నా, రాళ్లు చూడటానికి అంత దుడ్లా అని మొదట అడ్డం పడింది నేనే. మా కోడళ్లు చాటుగా నన్ను ఏమనుకుంటారో తెలుసు. జేజిని మేమూ అదే అనుకున్నాము.

ఇప్పుడు మనవడు ఫోనులో వేలు తిప్పుతూ దారి వేస్తున్నాడు. గండికోట, నల్లమల, అన్నీ ఉన్నాయి అందులో. అమెరికాలో ఉండేటట్టే ఉంటుంది జేజీ, అని నాకు కొత్తగా చెప్పాడు. బెల్లం లేదు, చీమలు లేవు, అదేం దారి వెయ్యడం? గురువారం పొద్దున బయలుదేరుతారట, అదీ దక్షిణానికి. ఇంత చదివి ఆ మాత్రం తెలియదు. నువ్వూ రాగూడదా అంటే, కీళ్లు నొప్పులు, నాకెందుకు ఆ రాళ్లు, మీరే పొండి, అని గట్టిగా చెప్పాను.

చెప్పాను గానీ, బుధవారం సాయంత్రం ఎవరూ చూడకుండా దక్షిణపింటి అమ్మాయి దగ్గర చిన్న మూట ఒకటి పెట్టి వచ్చాను. ఒక నేత చీర, కళ్లద్దాలు, కాస్త బెల్లం. ఏముంది అవ్వా ఇందులో అని అడిగితే, ఊరికే ఉండనీమ్మా అన్నాను. ఇక నేను పోక తప్పదు, ఏం చేసేది? పోయి రాకుండా ఆ మూటను ఇంట్లోకి తేకూడదు కదా. అది జేజి చెప్పిన మాట. కాదనడానికి నేనెవర్ని?