రాయి వెనక దొరగారు

అక్క పోయాక మేస్త్రీకి ఇంట్లో మిగిలిన తోడు ఒక్క నల్లచారల చేప. దాన్ని అక్క ‘దొరగారు’ అనేది. పెళ్ళీ పెటాకులూ లేని తమ్ముడికి ఇన్నేళ్ళూ వండిపెట్టిన మనిషి, చివరి రోజుల్లో ఏం బుద్ధిపుట్టిందో, గాజుతొట్టి కొని ఈ చేపను తెచ్చుకుంది. అప్పట్లో మేస్త్రీ దాన్ని పురుగులా చూసేవాడు. “నాతో మాట్లాడాలంటే నీకు నడుంనొప్పి. దానితో మాత్రం ఊళ్ళో కబుర్లన్నీనూ!” అని అక్కను దెప్పేవాడు.

ఇప్పుడో? పగలంతా ఎవరి గోడలకో ప్లాస్టరింగ్ చేసి ఇల్లు చేరి, తొట్టి ఎదుట కుర్చీ వేసుకుని కంచం ఒళ్ళో పెట్టుకుంటే, దొరగారు గాజు దగ్గరికి పరుగున వచ్చేవారు. అతను చెయ్యి కడుక్కునేదాకా అక్కడక్కడే తిరిగేవారు. తనకోసం ఎదురుచూసే ప్రాణి ఒకటుందని మేస్త్రీ లోలోపల మురిసిపోయేవాడు. నవ్వుతారని ఎవరితోనూ అనేవాడు కాదు గానీ, ఒకనాడు మేత కొనబోయి చేపల కొట్టతని దగ్గర నోరు జారాడు.

“ప్రేమా లేదు, పాడూ లేదు మేస్త్రీ!” అన్నాడు కొట్టతను. “ఆ జాతికి దూరడానికి బొరియ కావాలి. బోసి తొట్టిలో పెడితే బెదిరిపోయి, దిక్కుతోచక గాజు పట్టుకుని తిరుగుతుంది.”

మేస్త్రీ మేత పొట్లం బల్లమీద పెట్టేశాడు. “మరేం చెయ్యమంటావు?”

“ఓ రాయి పెట్టు. అసలు రాయైతే బరువు, గాజు పగిలినా పగులుతుంది. థర్మకోల్ చెక్కి సిమెంటు పూసుకో. సిమెంటు సంగతి నీకు నేను చెప్పాలా?”

దారి పొడుగునా మేస్త్రీకి ఒకటే గుబులు. బొరియ దొరికితే అది ఇక గాజు దగ్గరికెందుకు వస్తుంది? ఊరుకుంటే అడిగే నాథుడు లేడు. కానీ ఆ సాయంత్రం కంచం ముందు చేప అటూ ఇటూ కొట్టుకుంటుంటే కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఇన్నాళ్ళూ దాని భయం చూసి తాను సంబరపడ్డాడన్నమాట! ఛీ, ఏం బతుకు!

పక్కవాళ్ళ ఫ్రిజ్ వచ్చిన పెట్టెలోంచి థర్మకోల్ అడిగి తెచ్చాడు. కత్తితో రాయిలా చెక్కి, బొరియ తొలుస్తుంటే తెల్లటి పూసలు మీసానికి కూడా అంటుకున్నాయి. పైన సిమెంటు పూత వేశాడు. జన్మంతా నున్నగా మెత్తిన చెయ్యి కదా, రాయి కాస్తా గోడ ముక్కలా తేలింది. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటే ఇదే. తిట్టుకుంటూ తాపీ అవతల పారేసి, పచ్చి పూత మీద నలిపిన ప్లాస్టిక్ సంచి అద్దాడు. ముడతలు పడ్డాయి. ఇసుక చల్లి, రంగుపొడి కలిపి ఇంకో పూత వేస్తే అచ్చం కొండరాయే! ఆరాక బకెట్లో నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చాడు. సున్నం ఊరిన నీళ్ళలో చేప బతకదు. ఆ నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళ మధ్య తగిలే సున్నపు జిగట పూర్తిగా పోయేదాకా ఓపికపట్టాడు.

చేపను వేరే బకెట్లోకి మార్చి, తొట్టి ఖాళీచేసి, రాయి తేలిపోకుండా అడుగున సిలికాన్ జిగురుతో అతికించి, అది గట్టిపడ్డాక నీళ్ళు నింపి చేపను వదిలాడు. దొరగారు ఒక్క చుట్టు చుట్టి లోపలికి దూరారు. అంతే, మళ్ళీ కనబడితే ఒట్టు.

అప్పుడు తట్టింది మేస్త్రీకి తాను చేసిన ఘనకార్యం. కట్టడాల అలవాటు! ముందువైపు అందంగా ఉండాలి, అతుకులూ కంతలూ వెనక్కి పోవాలి. ఆ లెక్కన బొరియ నోరు గోడవైపు పెట్టాడు. కుర్చీలోంచి చూస్తే రాయి తప్ప ఏమీ కనబడదు. మేత వేస్తే ఎప్పుడొచ్చి తినిపోతుందో తెలియదు. ఉన్న ఒక్క తోడునూ చేజేతులా గోడకేసి తిప్పుకున్నాడు. కొన్నాళ్ళు కంచం పట్టుకుని వీధి గుమ్మంలో తిన్నాడు. అక్కడా బాగాలేదు. ఇల్లంతా నోరుమూసుకున్నట్టుంది.

రాయి పీకేద్దామని ఒక సాయంత్రం తొట్టిలో చెయ్యి పెట్టాడు. కదపబోతూ పైనుంచి వెనక్కి వంగి చూస్తే, లోపల చేప బిగుసుకుని, బొరియ గోడకు అతుక్కుపోయింది. చారలు వెలవెలబోయాయి. మేస్త్రీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “లేదులే, లేదులే” అన్నాడు.

చెంబుతో సగం నీళ్ళు తోడేసి, బల్లను తొట్టితో సహా అంగుళం అంగుళం ముందుకు లాగాడు. గోడకూ తొట్టికీ మధ్య ఒక మనిషి ఇరుక్కునేంత సందు తేలింది. నీళ్ళు మళ్ళీ పోశాడు. ఆ సందులో కుర్చీ పట్టదు. పీట వేసుకుని, మోకాళ్ళు ముడుచుకుని, కంచం గుండెకు ఆనించుకుని కూర్చున్నాడు. ఎదురుగా బొరియ, బొరియలో చీకటి. చాలాసేపటికి రెండు కళ్ళు కనబడ్డాయి. బయటికి మాత్రం రాలేదు.

“రానక్కర్లేదు దొరగారూ,” అన్నాడు మేస్త్రీ, ముద్ద కలుపుకుంటూ. “నేనే వచ్చాగా.”