అక్క తొక్కి చూసిన సైకిల్

మోకాళ్ల నొప్పికి నడక వద్దు, సైకిల్ తొక్కమన్నారు డాక్టరుగారు. మా ఆయన ముచ్చటపడి సన్న టైర్ల సైకిల్ తెచ్చారు. అది నా బరువుకి నెల తిరక్కుండానే లొంగిపోయింది. కాలవ గట్టు మీద వెళ్తుంటే వెనక చక్రంలో టింగుమని ఒక స్పోకు తెగింది. రెండ్రోజులకి ఇంకోటి. తర్వాత రిమ్ము వంకరపోయింది. ఆ చప్పుడు మళ్లీ వస్తుందేమోనని చెవులు రిక్కించుకునే తొక్కేదాన్ని.

సంగతి విని మా అక్క రాజోలులో మా ఇంటికి వచ్చింది. చాలా ఏళ్లు కువైట్‌లో నర్సుగా చేసి వచ్చేసిన మనిషి. ఒడ్డూ పొడుగూ ఇద్దరిదీ ఒకటే.

“పద, అమలాపురం వెళ్దాం. నేను తొక్కి చూస్తాను. నన్ను మోస్తే నిన్నూ మోస్తుంది,” అంది.

ఎండాకాలం. కాలవలకి నీళ్లు కట్టేశారు. మబ్బు పట్టింది గానీ కొబ్బరాకు కదలడం లేదు. బస్సు దిగి షాపుకి నడుస్తుంటే అక్క రెండుసార్లు ఆగింది. చెప్పులో రాయి పడిందంది. చెప్పు మాత్రం విప్పలేదు.

షాపాయన ముందు గేర్ల సైకిల్ చూపించారు. ఎక్కితే నడుం వంగి, పొట్ట తొడలకి ఒత్తుకుంది. ఇంకోదాని టైర్లు మరీ లావు, తారురోడ్డు మీద లాగలేకపోయాను. చివరికి మూలనున్న సైకిల్ బయటికి తీశారు. మధ్యలో కడ్డీ లేదు, కాలు పైకెత్తకుండా ఎక్కొచ్చు. హ్యాండిల్ ఎత్తుగా ఉండి వెన్ను నిటారుగా నిలుస్తుంది. స్ప్రింగుల వెడల్పు సీటు, ఓ మోస్తరు టైర్లు, వెనక గట్టి క్యారేజీ. గట్టుకీ, సంతకీ, ఆఫీసుకీ అదొక్కటే సరిపోతుందనిపించింది.

“స్పోకులు కూడా ఎక్కువండీ దీనికి. బరువుకి ఆగుద్ది,” అన్నారు షాపాయన.

“మా ఇద్దర్నీ చూసే చెప్తున్నారా?” అంది అక్క.

“ఆయ్, చూసే చెప్తున్నానండీ.”

అక్క నవ్వుతూ ఎక్కింది. వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. “సీటు కాస్త ఎత్తించు. వంతెన ఎక్కించి చూస్తే గాని తెలీదు,” అని మళ్లీ వెళ్లింది.

ఎంతసేపటికీ రాలేదు. షాపాయన నాకు కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు. “దగ్గరేనండీ, వచ్చేస్తారు,” అన్నారు. కాసేపాగి ఆయనే రోడ్డు మీదికి వెళ్లి చూశారు. ఇక నాకు కూర్చోబుద్ధి కాలేదు. మోకాళ్లు పీకుతున్నా వంతెన వైపు నడిచాను.

వంతెన దాటాక కనిపించింది. సైకిల్‌కి స్టాండు వేసి, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. జాకెట్టంతా చెమటకి తడిసిపోయింది. ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్లు పెట్టుకుని కాలవకేసి చూస్తోంది.

“ఏమిటక్కా?”

“సైకిల్ బావుందే. ఇదే తీసుకో.” కాస్త ఆగి, “దవడ లాగుతోంది. ఆటో పిలు. కంగారు పడకు,” అంది.

“ఎప్పటినించి ఇలా?”

“క్రిస్మస్ ముందునించి. మెట్లెక్కితే వచ్చేది.”

ఎందరికో నాడి చూసిన మనిషి. తన సంగతి తెలిసే ఊరుకుంది. ఆటోలో నా చెయ్యి వదల్లేదు. చల్లగా, తడిగా ఉంది ఆ చెయ్యి. ఏమన్నా మాట్లాడు అని బతిమాలాను. పెదవులు కదిలాయి గానీ నాతో కాదు, ప్రార్థన చేసుకుంటోంది.

అమలాపురం ఆసుపత్రిలో గుండెపోటని చెప్పి, సూది వేసి కాకినాడ పంపించారు. అక్కడ స్టెంటు వేశారు. ప్రాణం దక్కింది. గుండెలో కొంత భాగం మాత్రం ఇక కోలుకోదని అక్కడి డాక్టరుగారు నన్ను బయటికి పిలిచి చెప్పారు. తర్వాత నన్ను కిందనించి పైదాకా చూసి, “మీరూ ఒకసారి పరీక్ష చేయించుకోండి,” అన్నారు.

షాపాయన సైకిల్ జాగ్రత్తగా లోపల పెట్టి ఉంచారు. అదే కొన్నాను. మంచి సైకిలే. గట్టు మీదైనా రోడ్డు మీదైనా ఒక్క చప్పుడు లేదు, నడుం నొప్పి లేదు. పరీక్షకి మాత్రం ఇంకా వెళ్లలేదు. ఎత్తు వచ్చినప్పుడు దిగి నడిపించుకుంటున్నాను. మోకాళ్ల కోసమని మా ఆయనతో చెప్పాను.