పలుపు విప్పేవాడు

శెనక్కాయలు మిద్దె మీద ఎండబోసి కిందికి దిగుతున్నాను. ఫోను మోగింది. నా కొడుకుతో పాటు మిలిటరీలో పనిచేసే పిల్లవాడు, రాజంపేట వైపు వాడు. ఎప్పుడు ఫోను చేసినా “ఏం వండినావమ్మా” అనే మొదలుపెడతాడు. ఆ రోజు మాత్రం “అమ్మా, ఇంట్లో ఎవరన్నా ఉండారా?” అని అడిగాడు.

“ఎవరుంటారు నాయనా, నేనే.”

“పక్కింటోళ్లను ఒకసారి పిలువమ్మా.”

ఆ మాటతోనే నా కాళ్లు మెట్టు మీద ఆగిపోయాయి. పొద్దున పనికి బయలుదేరుతూ, బూట్లు తొడుక్కుంటూనే ఒరిగిపోయాడట నా కొడుకు. గుండె ఆగిపోయిందన్నారు.

తర్వాత కొద్ది నెలలకే, వాడు పనిచేసిన మిగ్ విమానాలకు కూడా ఆఖరి రోజులు వచ్చాయి. ఇక వాటిని ఎగరేయరని, పనిలోంచి తీసేస్తున్నారని టీవీల్లో, ఫోన్లలో ఒకటే మాట. మా కోడుమూరు పిల్లలు కూడా స్టేటస్‌లలో దాని బొమ్మే పెట్టుకున్నారు. విమానం గురించి రాయడానికి చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. దాని కింద నిలబడినవాడి గురించి నేనే రాయాలి. నా చదువు ఐదో తరగతితో ఆగింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఊళ్లో అందరూ నా కొడుకే విమానం తోలుతాడని అనుకునేవారు. సెలవుకు వచ్చినప్పుడల్లా మా వీధి అంగడి శెట్టి వాణ్ణి వదిలేవాడు కాదు.

“ఏమప్పా, ఒక్కసారన్నా మన ఊరి మీద తిప్పగూడదా? ఆ గాలికి మా మిరపకాయలన్నా ఆరతాయి.”

“నేను తోలేవాణ్ణి గాదు మామా, పలుపు విప్పేవాణ్ణి.”

“పలుపేందిరా, అదేమన్నా ఎద్దా?”

“ఎద్దే. శానా ముసిలెద్దు. అయినా పరుగులో దాన్ని పట్టుకునేటోళ్లు తక్కువ.”

పలుపు అని వాడు ఊరికే అనలేదు. విమానం నిలబడి ఉన్నప్పుడు ఏదీ పొరపాటున కదలకుండా దానికి అక్కడక్కడా ఇనుప చీలలు దూర్చి పెడతారట. ఒక్కోదానికి పొడుగాటి ఎర్రగుడ్డ వేలాడుతూ ఉంటుంది. ఎగరబోయే ముందు వాటిని పెరికి, గుడ్డలు పైకెత్తి, లోపల కూర్చున్న పైలట్‌కు చూపించాలి. అన్నీ విప్పేశాం, ఇక పోవచ్చు అని దాని అర్థం. అది వాడి పని. ఒకసారి వాకిట్లో నన్ను నులకమంచం మీద కూర్చోబెట్టి, “నువ్వే తోలేదానివి అనుకో మా” అని, వాళ్ల నాయన తుండుగుడ్డను రెండు చేతులతో తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు.

“చూసినావా? చూసినానని బొటనవేలు ఎత్తాల.”

ఎత్తాను.

“ఇంగ పో!”

“యాడికిరా పోయేది? పొయ్యి మీద సంగటి ఉండాది,” అన్నాను. ఆ మాటకు వాడు కడుపు పట్టుకుని నవ్వాడు. తిండి దగ్గర కూడా గుర్తొచ్చి మళ్లీ నవ్వాడు.

పని అలవాటు వాణ్ణి ఊళ్లో కూడా వదల్లేదు. మోటారు సైకిలైనా సరే, చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో తట్టి గానీ ఎక్కేవాడు కాదు. కర్నూలు పోవడానికి బస్టాండుకు వెళితే బస్సు చుట్టూ కూడా తిరిగాడు. కండక్టరు తల బయట పెట్టి, “ఏమప్పా, బస్సుకు ప్రదక్షిణాలు చేస్తాండావు, మొక్కుబడి ఏమన్నా ఉండాదా?” అన్నాడు.

“టైర్లు చూస్తాండా అన్నా.”

“చూసి ఏం చేస్తావు? బాగున్నా అవే, బాగలేకున్నా అవే. ఎక్కు.”

బస్సులో అందరూ నవ్వారు. వాడు కూడా నవ్వాడు గానీ, కూర్చునే ముందు తలుపు రేకును ఒకసారి తట్టాడు.

ఆ విమానం ఎక్కడో పడిపోయిందని పేపర్లో వచ్చినప్పుడల్లా నాకు అన్నం దిగేది కాదు. ఇప్పుడు దాన్ని మెచ్చుకుంటున్నవాళ్లలో చాలామంది అప్పుడు తిట్టినవాళ్లే. నేనూ తిట్టాను. ఆ పాడు ముండతో నీకెందుకురా, వేరే పని అడుక్కోరాదా అన్నాను. వాడు కోప్పడలేదు. “పైకి పోయిందాన్ని చూసి సంబరపడగూడదు మా. కిందికి దిగినాకే సంబరం” అన్నాడు. తాను సాగనంపిన విమానం తిరిగి వచ్చేవరకు వాడు టీ కూడా తాగేవాడు కాదని ఆ రాజంపేట పిల్లవాడు చెప్పాడు. నా కొడుకు మాత్రం నాకు ఎప్పుడూ చెప్పలేదు.

పెళ్లి మాట ఎత్తితే మాత్రం విమానాన్ని అడ్డం పెట్టుకునేవాడు. “ఈ ముసిల్దాన్ని సాగనంపనీ మా. ఇంట్లో ఇద్దరు ముసిలోళ్లు ఉండంగ కొత్త కోడలు ఎందుకొస్తాది?” రెండో ముసిల్ది నేనే. చేతిలో ఉన్న చేట విసిరేదాన్ని.

మా ఇంటి నడవలో గోడకు ఒక కొయ్య ఉంది. దానికి ఒక పాత పలుపు వేలాడుతూ ఉంటుంది. మా తెల్లెద్దుది. అది ముసలిదై కాడి మోయలేకపోతే నా భర్త అమ్మేశాడు. మాలో ఎద్దును అమ్మినా పలుపు ఇవ్వరు. కొన్నవాడు కొత్త పలుపు తెచ్చుకుని కట్టుకుపోవాలి. ఆ రోజు నా భర్త తన చేత్తోనే పాత పలుపు విప్పి, ఎద్దు గంగడోలు నిమిరి, దాని ముఖం వైపు చూడకుండా లోపలికి వచ్చేశాడు. అప్పటికి చిన్నపిల్లవాడైన నా కొడుకు కండ్లు తుడుచుకుంటూ, అదెందుకు నాయనా మనకు అన్నాడు. “ఎద్దు పోతాది, పలుపు పోగూడదురా. పలుపు ఇంట్లో ఉంటే ఇంగో ఎద్దు వస్తాది” అన్నాడు ఆయన. ఎద్దు రాలేదు. బాడుగకు ట్రాక్టరు వచ్చింది. ఆ తర్వాత ఆయన కూడా పోయాడు. పలుపు మాత్రం ఉంది.

పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు నా కొడుకు ఆ కొయ్య పక్కనే ఇంకొక కొయ్య కొట్టాడు. ఎందుకురా అంటే, “మా ముసిలెద్దు పలుపుకు. దాన్ని పంపించినాక ఎర్రగుడ్డ ఒకటి అడిగి తెచ్చుకుంటా. ఇస్తే ఇస్తారు, లేకుంటే ల్యాదు” అన్నాడు. సుత్తి పెట్టేసి, కొయ్య గట్టిగా ఉందో లేదో అని రెండుసార్లు లాగి చూశాడు.

విమానాలను తీసేస్తున్నారని తెలిసినప్పుడు నాకు ఆ కొయ్య ఒక్కటే కనిపించింది. వాడి పెట్టె వచ్చింది, బట్టలు వచ్చాయి. నేను అడగనివన్నీ వచ్చాయి. అడగాలనుకున్నది ఆ గుడ్డ ఒక్కటే. రాజంపేట పిల్లవాడికి ఫోను చేశాను.

ఒక ఎర్రగుడ్డ దొరుకుతుందా అని అడిగాను. “అది సర్కారు సొత్తమ్మా” అన్నాడు. “ఇంగోటి, నిలబడిన విమానానికి ఆ గుడ్డలు ఉండాల్సిందే. జనం చూడనీకి దాన్ని యాడనో ఒకచోట నిలబెడతారు. గుడ్డలు దాంతోనే పోతాయి.”

“అడగగూడనిది అడిగినానా నాయనా?”

“ల్యాదమ్మా. నాకూ ఒకటి గావాల్నని ఉండాది.”

 ఫోను పెట్టేయడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.

ఆఖరిసారి ఎగిరే రోజు శెట్టి తన అంగట్లో టీవీ పెట్టాడు. వీధంతా చేరింది. “అక్కా, ఈడ ముందర కూర్చో. మనోని విమానం” అని నాకు కుర్చీ వేశాడు. వాళ్లందరూ మంచివాళ్లే. నా కొడుకును సాగనంపిన రోజు ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించనివాళ్లే. కానీ నాతో వాడి మాట ఎట్లా ఎత్తాలో తెలియక విమానం మాటే మాట్లాడతారు. ఎంత వేగమో, ఎన్ని యుద్ధాలు చూసిందో చెబుతారు. నేను తల ఊపుతాను.

టీవీలో విమానం చిన్నగానే ఉంది. వాడు చెప్పిన మాటలకు నేను కొండంత ఊహించుకున్నాను. ఒక పిల్లవాడు వంగి దాని కిందికి దూరాడు. బయటికి వచ్చి, ఎర్రగుడ్డలు రెండు చేతులతో తల మీదికి ఎత్తాడు. మా వాకిట్లో తుండుగుడ్డ ఎత్తినట్టే. నా బొటనవేలు దానంతటదే లేచింది. ఎవరూ చూడలేదు.

తర్వాత విమానం పరుగెత్తింది. లేచింది. అంగట్లో ఈలలు, చప్పట్లు. “కండ్లలో నీళ్లు తిరుగుతాండాయప్పా” అని ఎవరో అన్నారు. టీవీ వాళ్లు విమానం వెంటే ఆకాశంలోకి పోయారు. ఆ గుడ్డలు పట్టుకుని కింద నిలబడిపోయిన పిల్లవాణ్ణి మళ్లీ చూపిస్తారేమోనని చూశాను. చూపించలేదు. అది దిగేవరకు ఉండమని శెట్టి అన్నాడు గానీ, నేను లేచి ఇంటికి వచ్చేశాను.

నడవలో రెండు కొయ్యలు. ఒకదానికి పలుపు, ఇంకొకటి ఖాళీ. పలుపు ఉంటే ఇంకో ఎద్దు వస్తుందన్నాడు ఆయన. ఎద్దుకైతే ఆ మాట సరే.

పలుపు తీసుకుని వాకిట్లోకి వచ్చాను. ఎండకు కళ్లు తెరవలేకపోయాను. దాన్ని రెండు చేతులతో తల మీదికి ఎత్తి పట్టుకున్నాను, వాడు నేర్పినట్టే. అన్నీ విప్పేశాం నాయనా, ఇక పోవచ్చు అని. పైనుంచి ఎవరూ బొటనవేలు ఎత్తలేదు. చేతులు నొప్పి పుట్టేదాకా అట్లాగే నిలబడ్డాను.